పాల్వంచ నుండి పర్ణశాలకు

పాల్వంచ, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో అడవి యంచున నున్న పట్టణము. పదునేడవ శతాబ్దమున కంచెర్ల గోపన్నగారు, అనగా మన రామదాసుగారు, తహశీలుదారుగా నుండినది ఈ పాల్వంచ పరగణాకే. ఆనాడు ఎద్దులబండ్లు నడచిన సీమలో నేడు 30వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. దానిపై బొగ్గులారీలును బూడిదలారీలును రేయింబవళ్లు తిరుగుచుండును. ఊరికొకవంక విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, వేరొకవంక టేకుచెట్లు. తారురోడ్డు దిగి కొంతదూరము పోయినచో ఎర్రమట్టి బాట. మరికొంత పోయినచో ఏటి యిసుక. ఇన్ని విధములైన నేలలపై ఒక్క జత చక్రములతోనే తిరుగవలసినవారము మేము.

మావారు ఉపాధ్యాయులు. అడవిలోపలి పల్లెలోని పాఠశాలకు ప్రతిదినము మోటారు సైకిలుపై పోయివత్తురు. వానకాలపు సాయంకాలములందు ఆ బండి చప్పుడు వినబడువరకు నేను వీధిగుమ్మము విడువను. ఈ నిరీక్షణ సోదరీమణులలో పెక్కండ్రకు తెలిసినదే.

నిరుటి ఆషాఢమాసమున మేమిరువురము కిన్నెరసాని జలాశయమును చూడబోయితిమి. చుట్టును అభయారణ్యము. అక్కడ లేళ్లు కలవు, నీటిలో మొసళ్లు కలవు. తిరిగి వచ్చునపుడు సన్నని తుంపర ప్రారంభమయ్యెను. ఒక మలుపున తడిసిన ఆకులపై వెనుక చక్రము ప్రక్కకు జారి, బండి మమ్ములతో గూడ నేలకొరగెను. వేగము తక్కువగుటచేతను, ఇద్దరి తలలకును హెల్మెట్లుండుటచేతను, మోకాళ్లు గీరుకొనుటతో ఆపద గడచినది. మావారు లేచి టైరును చూచి, "గాడులింకను లోతుగానే యున్నవే!" యని ఆశ్చర్యపడిరి.

ఇంటికి వచ్చి మరల పరిశీలించితిమి. గాడులు లోతుగా నున్నమాట నిజమే. కాని అంచులయందు మాత్రమే. నడుమ భాగము అప్పడములపీటవలె చదునైపోయినది. రహదారిపై తిన్నగా పోవునపుడు భారమంతయు నడుమనే పడును గనుక అచ్చటనే యరుగును. అట్టి చక్రము మలుపులో వంగునపుడు, గుండ్రని అంచుపై మెల్లగా దొర్లుటకు మారుగా, మెట్టు దిగినట్లు ఒక్కసారి దిగును. అది చాలక ఆ టైరు తయారై యేడేండ్లయినది. ఈ సీమ యెండలకు రబ్బరు బిరుసెక్కి తడినేలను పట్టుకొనుట మానినది.

దాని వయస్సు మాకెట్లు తెలిసినదన్న, టైరు ప్రక్కన చిన్న గడిలో నాలుగంకెలు అచ్చుపడియుండును. మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును తెలుపును. 2119 అని యున్నచో 2019వ సంవత్సరపు 21వ వారమున తయారైనదని యర్థము. ధాన్యము కొనునపుడు పాతదో క్రొత్తదో యడుగు మనము, ఈ యంకెలను చూడకుండ టైరు కొనుట వింతగా లేదా?

టైరు కొనుటకు నేనును వెంటబోయితిని. "ఈ చక్రముల గొడవ నీకెందుకు?" అని మావారు నవ్విరి. "వెనుక కూర్చుండునది నేను గదండీ" యంటిని. దుకాణదారు వయస్సు మళ్లినవాడు, ఓపిక గలవాడు. "అడుగమ్మా, చెప్పెదను" అని మూడు టైర్లు దొర్లించి మా ముందుంచినాడు.

మొదటిది గట్టి రబ్బరుది. ఎక్కువకాలము మన్నును, వెలయు తక్కువ. కాని తడిరోడ్డుపై పట్టు తక్కువ. రెండవది గుబ్బల టైరు. అడవిబాటలకని కుర్రవాండ్రు ముచ్చటపడి కొందురు. బురదలో అది మేలే గాని, తారుపై త్వరగా నరుగును, తడితారుపై జారును. మూడవదానికి నడుమ తెగని పట్టీయు, ఇరుప్రక్కల వాలుగా లోతైన గాడులును ఉన్నవి. పట్టీ వలన తిన్నని రహదారిపై అరుగుదల మెల్లగా నుండును. గాడులు చక్రము క్రింది నీటిని ప్రక్కకు నెట్టును. పెద్ద యింజనుగల బండ్లకు స్పోర్టు టూరింగు టైర్లని కలవట. వానియందు నడుమ గట్టి రబ్బరును, అంచులందు మెత్తని రబ్బరును కలిపి పోతపోయుదురు. దూరప్రయాణపు మన్నికయు, మలుపులోని పట్టును ఒక్కచోట చేర్చు ఉపాయమది. మా బండి కొలతలో ఆ దుకాణమున నట్టివి లేవు.

రబ్బరు విషయమున మన్నికయు పట్టును సవతులవంటివి. ఒకదానిని లాలించిన రెండవది యలుగును. కేవలము చెట్టుపాల రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగును. 1839లో అమెరికా దేశమున చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకముతో కలిపి కాచి స్థిరపరచెను. తరువాతివారు మసి చేర్చి బలము పెంచిరి. టైరు నలుపు ఆ మసి నలుపే. ఇటీవల సిలికా చేర్చుచున్నారు. తడిలో పట్టు పెరుగునది దాని వలననే. ప్రస్తావవశమున నొకమాట: ఎం.ఆర్.ఎఫ్. వారు 1946లో మద్రాసు తిరువొత్తియూరున పిల్లల బుడగలు చేయుటతో మొదలిడిరి.

మావారు ఎక్కువ కిలోమీటర్లు వచ్చు మొదటిదానివైపు మొగ్గిరి. జీతపురాళ్లతో సంసారము నడుపువారి యాలోచన యట్లే యుండును, తప్పు పట్టను. కాని నేనంటిని: "ఏడాదిలో ఎక్కువ దినములు దారి పొడిగానే యుండును. మనము పడినది మాత్రము తడిసిన దినముననే గదా." ఆ మాటపై మూడవదియే తీసికొంటిమి, ముందు వెనుకలకు రెండును. ట్యూబు లేని రకము. మేకు దిగినను గాలి మెల్లగా పోవును గనుక పంక్చరు దుకాణము లేని యడవిలో అది గొప్ప మేలు. టైరుపై 100/90-17 55పి అని యున్నది. వెడల్పు 100 మిల్లీమీటర్లు. ఎత్తు అందులో నూటికి 90 పాళ్లు. లోపలి చక్రము 17 అంగుళములు. 55 అనునది 218 కిలోల బరువు మోయుననుటకు గుర్తు. పి యనగా గంటకు 150 కిలోమీటర్ల వేగమునకు తగినది. అంత వేగము మాకేల? బరువు సంగతి మాత్రము, వెనుక నేనును నా సంచియు నుండుటచే, శ్రద్ధగా చూచుకొంటిని.

శ్రావణమాసమున నొక ఆదివారము పర్ణశాలకు బయలుదేరితిమి. వేకువనే, చక్రములు చల్లగా నున్నపుడే గాలి చూపించితిమి. ఎండలో నడచిన పిమ్మట గాలి వేడెక్కి ఎక్కువ చూపును. దానిని చూచి తీసివేయుట పొరపాటు. ఇద్దరెక్కినపుడు వెనుక చక్రమునకెంత యుండవలెనో బండిపైననే వ్రాసియుండును.

దారిలో పెద్దమ్మతల్లి గుడివద్ద చక్రములక్రింద నిమ్మకాయలుంచి మ్రొక్కుకొంటిమి. అమ్మవారిపై భారము వేసినను, క్రొత్త టైరుపై నునుపుపొర యరుగువరకు, అనగా నూటయేబది కిలోమీటర్లదాక, మెల్లగా పొమ్మని దుకాణదారు చెప్పినమాట మావారు మరువలేదు. వెనుకనుండి లారీలెంత మ్రోగించినను తొందరపడలేదు. నేను చీరచెంగు నడుమున బిగించి దోపుకొని, రెండువైపుల కాళ్లు వేసియే కూర్చుంటిని. ఒకవైపు కూర్చున్న బండి తూకము తప్పునని క్రిందపడినపిమ్మటనే నాకు తెలిసినది. ఊరివారు కొందరు వింతగా చూచిరి, చూడనిండు.

సారపాక కాగితపు మిల్లు దాటగానే గోదావరి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన వంతెనపై నిలిచి చూచితిమి. నీరు ఎర్రగా, నిండుగా పారుచుండెను. ఈ నది భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పొంగినది. స్వామిదర్శనము చేసికొని, దుమ్ముగూడెము మీదుగా సుమారు 35 కిలోమీటర్లు పోయితిమి. ఆ దారిలో కొన్నిచోట్ల తారుపై సన్నని ఒండ్రు పరచియుండెను. ఒండ్రు తడిసిన వెన్నయే. ఏ టైరును దానిపై నమ్మరాదు. అచట నేను దిగి నడచితిని.

పర్ణశాలయందు సీతమ్మవారు నారచీరలారవేసిరని చెప్పు రాళ్లను చూచి, వాగుగట్టున పులిహోర తింటిమి. అడవిలో కాలినడకను తిరిగిన ఆ తల్లిని తలచుకొని నా మోకాటి మచ్చను తడవుకొంటిని.

మరలివచ్చునపుడు సారపాకవద్ద వాన పట్టుకొన్నది. దుమ్ముతోను నూనెతోను కలిసిన తొలిచినుకుల తడి యన్నిటికంటె జారుడు. అందుచే పావుగంట ఒక కొట్టు చూరుక్రింద నిలిచితిమి. తరువాత నొకచోట గేదె యడ్డము రాగా మావారు బ్రేకు వేసిరి. బండి తిన్నగా నిలిచినది. మావారు ఘనతయంతయు టైరుకే యిచ్చిరి. మెల్లగా నడిపినందుకు సగము వారికి నేనిచ్చితిని.

ఇల్లుచేరి, గాడులలో చిక్కిన గులకరాళ్లను పుల్లతో తీసివేసితిమి. గాడుల నడుగున చిన్న గట్లవంటి గుర్తులుండును. పై రబ్బరు వానితో సమమైననాడు టైరు మార్చవలెను. గోడమీది క్యాలెండరులో ఆ తేదీప్రక్కన మీటరులోని యంకెను వ్రాసియుంచితిని.