ఏనుగుల డబ్బులు

మా నాన్న దగ్గర ఒక పుస్తకం ఉంది. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన పాత డైరీ. అందులో ఏడాదికొక పేజీ చొప్పున మిరప పెట్టుబడి రాసి ఉంటుంది: విత్తనాలు, నారుమడి, దుక్కి, ఎరువులు, పురుగు మందులు, కలుపు కూలి, కోత కూలి, గోతాలు, గుంటూరు యార్డుకు లారీ కిరాయి. క్రోసూరులో మిరప వేసే ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు చాలానే కనిపిస్తాయి. నాన్న పుస్తకంలో విత్తనాల ఖర్చు ఏ ఏడాదీ మొత్తంలో పదో వంతు దాటలేదు. విత్తనం ప్యాకెట్టు మీదున్న ధర చూసి, ఎకరం మిరపకు ఇంతే అవుతుందనుకునే మనిషి మా ఊళ్లో ఉండడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను 2019లో నాటింగ్‌హామ్‌లో అలాగే అనుకున్నాను.

అక్కడికి పీజీ చదవడానికి వెళ్లాను, బ్యాంకు విద్యారుణం మీద. నాటింగ్‌హామ్ అంటే మన పిల్లలకు రాబిన్‌హుడ్ గుర్తొస్తాడు. బొమ్మల యుద్ధాలు ఆడేవాళ్లకు మాత్రం అది పుణ్యక్షేత్రం లాంటి ఊరు. 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 1983లో వార్‌హ్యామర్, 1987లో వార్‌హ్యామర్ 40,000 తెచ్చింది వాళ్లే. వాళ్ల వార్‌హ్యామర్ వరల్డ్‌లో అద్దాల వెనక వేలాది బొమ్మలు యుద్ధాలు చేస్తూ నిలబడి ఉంటాయి. బొటనవేలంత సైనికుడి కంట్లో కనుపాప కూడా కనిపించేలా రంగులు వేసి ఉంటారు. ఆ గదుల్లో ఒక ఆదివారమంతా తిరిగాను. బొమ్మల కొలువు ముందు కదలకుండా నిలబడిపోయిన చిన్నతనం మళ్లీ వచ్చినట్టనిపించింది.

ఈ ఆటల పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట. చదరంగంలో పెట్టె కొంటే రెండు పక్షాల పావులూ అందులోనే వస్తాయి. ఇక్కడ అలా కాదు. ఎవరి సైన్యం వాళ్లు కొనుక్కోవాలి. ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి, అతికించి, రంగులు వేసుకుని బల్ల దగ్గరికి తెచ్చుకోవాలి. గళ్లు ఉండవు. టేపు పెట్టి కొలిచి నడుపుతారు, పాచికలు వేసి కొట్లాట తేలుస్తారు. ప్రతి బొమ్మకూ బలాన్ని బట్టి ఇన్ని పాయింట్లని ఉంటుంది. ఇద్దరూ ముందే ఒక మొత్తం ఒప్పుకుని, దానికి లోబడి సైన్యాన్ని కూర్చుకుంటారు. అందుకే మొదటి సైన్యం ఏదన్నది పెద్ద ప్రశ్న. తప్పుగా ఎంచుకుంటే మళ్లీ మొదటి నుంచీ డబ్బు పెట్టాలి.

నేను ఎంచుకున్న పద్ధతి ఇది: ఆ ఏడాది పోటీల్లో ఏ సైన్యం గెలుస్తోందో అడిగాను, అదే కొన్నాను. మొదటి పెట్టె 55 పౌండ్లు. అప్పట్లో పౌండు సుమారు 90 రూపాయలు. ఐదువేల లోపే కదా అనుకున్నాను. తర్వాత నియమాల పుస్తకం 35, ఆ సైన్యానికి విడిగా ఉండే పుస్తకం 25, నాయకుడి బొమ్మ 22, అందరూ ఉండాలన్న రెండు ట్యాంకులు 80, రంగులు, కుంచెలు, జిగురు, కత్తెరలు కలిపి 60. మొత్తం 277 పౌండ్లు, మన లెక్కలో 24,930 రూపాయలు. మొదటి పెట్టె అందులో ఐదో వంతు. ఎనిమిది నెలలైనా సగం బొమ్మలు బూడిదరంగు ప్లాస్టిక్‌గానే ఉన్నాయి. నేను ఆడిన ఆటలు రెండు. ఈలోగా నియమాల్లో సవరణలు వచ్చి, నేను కొన్న సైన్యం గెలిచే వరసలోంచి జారిపోయింది. ఎవరూ మోసం చేయలేదు. ఆ రంగంలో అది మామూలే. వార్‌హ్యామర్ 40,000నే తీసుకుంటే 2017లో ఒక కూర్పు, 2020లో మరొకటి, 2023లో ఇంకొకటి వచ్చాయి. మూడేళ్లకోసారి నేల కదులుతుంది. ఈ ఏటి బలాన్ని చూసి కొన్నవాడికి వచ్చే ఏడు అదే బలం ఉంటుందన్న హామీ లేదు.

దీన్ని నేను మిరపలో చూస్తూ పెరిగినవాణ్ణే. ఆ తర్వాతా అదే చూశాను: 2021లో నల్లతామర పురుగు తోటలు తినేసింది. పల్నాడులో కళ్లముందే పూత రాలిపోయింది. తర్వాత సరుకు కొరతతో ధర ఎగిసి క్వింటా 20,000 దాటింది. ఆ ధర చూసి చెలకలన్నీ మిరపగా మారాయి. 2025 వచ్చేసరికి ధర ఎంత పడిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. నిరుటి ధర చూసి ఈ ఏడు నారు పోయడం ఎంత ప్రమాదమో నాన్న ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆ మాట పొలానికే అనుకున్నాను.

2019 చివర ఊరికి బయల్దేరే ముందు అన్నీ అమ్మేశాను. అప్పుడొక సంగతి నేర్చుకున్నాను. సీలు తీయని ట్యాంకులు రెండూ 60 పౌండ్లకు పోయాయి. నేను అతికించి సగం రంగేసిన సైనికులు, నాయకుడు, పుస్తకాలు అన్నిటికీ కలిపి 30 వచ్చాయి. బాగా రంగులు వేసిన బొమ్మకు మంచి ధర పలుకుతుంది, పెట్టె విప్పనిదానికీ పలుకుతుంది. మధ్యలో ఆగిపోయినదాన్ని ఎవరూ కోరుకోరు. మిగిలిన నష్టం 187 పౌండ్లు, 16,830 రూపాయలు. అది అప్పు డబ్బు. బ్యాంకు భాషలో ఏడాదికి 12 శాతం, మా ఊరి భాషలో నూటికి రూపాయి వడ్డీ. అంటే నెలకు 168 రూపాయలు. 2023 చివర రుణం తీరేదాకా, నాలుగేళ్లు, నా దగ్గర లేని బొమ్మలకు నేను వడ్డీ కట్టాను. ఎనిమిదివేలు దాటింది. చదువు కోసమని నాన్న హామీ సంతకం పెట్టిన డబ్బు అది. ఈ లెక్క ఆయనకు చాలాకాలం చెప్పలేకపోయాను.

ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం. శని, ఆదివారాలు క్రోసూరులో ఉంటాను. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒకరోజు నా ఫోన్లో నాటింగ్‌హామ్ ఫొటోలు చూసి, “మామయ్యా, మనమూ ఆడదామా?” అన్నాడు. వాడి కళ్లలో నా ఆదివారం కనిపించింది. ఈసారి వాడి ముందు తప్పు చేయకూడదనుకున్నాను.

మొదటి చిక్కు సైన్యం కాదు, ప్రత్యర్థి. నాటింగ్‌హామ్‌లో ఏ బొమ్మలు కొన్నా ఆడేవాళ్లు దొరుకుతారు. క్రోసూరులో ఉన్నది మేమిద్దరమే. కాబట్టి రెండు సైన్యాలూ మేమే కొనాలి. ఇలాంటి చోట ఖర్చు ఒకేసారి రెండింతలవుతుంది. ఒక పెద్ద సైన్యం కొని ఎదురుగా ఎవరూ లేకుండా కూర్చోవడం కన్నా, రెండు చిన్న సైన్యాలు కొనడం మేలని నాకు గట్టిగా అనిపించింది. అలా వెతుకుతుంటే చారిత్రక యుద్ధాల ఆటలు కనిపించాయి. వాటిలో ఫిల్ బార్కర్ రూపొందించిన డీబీఏ అనే ఆట ఒకటి, 1990 నుంచి ఉంది. ఒక్కో పక్షానికి పన్నెండే దళాలు. రెండడుగుల చదరపు గుడ్డ చాలు. పాచికలో ఎంత పడితే ఆ వంతులో అన్ని కదలికలు. నాలుగు దళాలు పోగొట్టుకుని, అవతలివాడికన్నా ఎక్కువ నష్టపోయినవాడు ఓడినట్టు. గంటలో ఆట తేలుతుంది. పాత కాలపు సైన్యాల చరిత్ర మారదు కాబట్టి, కొన్న బొమ్మ ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే బొమ్మ.

ఇక ఏ సైన్యం? దానికి వాడే జవాబు చెప్పాడు. వాళ్ల తాతతో కలిసి కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్లకు వెళ్లొచ్చాడు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజుల పేర్లూ వరసగా చెప్పగలడు. ఆ తిరునాళ్లు నాగులేటి ఒడ్డున 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధానికి గుర్తు. ఒకవైపు గురజాల నలగామరాజు, నాయకురాలు నాగమ్మ. మరోవైపు మాచర్ల మలిదేవరాజు, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేళ్లు వలస వెళ్లడం, చాపకూడు, ఇవన్నీ మా వైపు పిల్లలు బడికి వెళ్లకముందే వింటారు.

“పల్నాటి యుద్ధమే కొందాం మామయ్యా” అన్నాడు.

ఆ మాటలో ఉన్న పొదుపు నాకు రాత్రి పడుకున్నాక తట్టింది. నలగాముడు, మలిదేవుడు ఒకే తండ్రి బిడ్డలు. రెండు పక్షాలదీ ఒకే నేల, ఒకే బట్ట, ఒకే ఆయుధం. రోమన్లకూ కార్తేజీలకూ యుద్ధమైతే రెండు రకాల బొమ్మలు వెతకాలి. అన్నదమ్ముల యుద్ధానికి ఒకే రకం బొమ్మలు రెండింతలు తెచ్చుకుంటే చాలు, తలపాగా రంగుతో వేరు చేయొచ్చు. ఒక పక్షంలో బొమ్మ విరిగితే రెండోదాని నుంచి అరువు తెచ్చుకోవచ్చు. ఆ కథలోని దుఃఖం మా ఖర్చును సగం చేసిందన్న ఆలోచన నన్ను కాసేపు నిద్రపోనివ్వలేదు.

కొనడం మాత్రం వెంటనే చేయలేదు. మా అరుగు మీద నాన్నవాళ్లు పులిజూదం ఆడేవాళ్లు. సుద్దతో గీతలు, మూడు రాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. ఆటకు అంతకన్నా ఏం కావాలి? పాత పెళ్లి శుభలేఖలు తీసుకుని నాలుగు సెంటీమీటర్ల వెడల్పున ముక్కలు కోశాం. ‘ఏ’ అంటే ఏనుగు, ‘గు’ గుర్రపుదళం, ‘వి’ విలుకాళ్లు, ‘క’ కత్తివాళ్లు. అదే వారం, 2024 జనవరిలో, బ్యాంకులో నెలకు 700 చొప్పున ఏడాదికి రికరింగ్ డిపాజిట్ తెరిచాను. ఏడాదిపాటు అట్టముక్కలతో ఆడదాం, అప్పటికీ ఇష్టం మిగిలుంటే డబ్బు సిద్ధంగా ఉంటుందని మేనల్లుడితో చెప్పాను. ఆ ఏడాదిలో మేం నేర్చుకున్నది చాలా ఉంది. నాకు గుర్రపుదళం చాలునని, వాడికి విలుకాళ్లు ఎక్కువ కావాలని, మూడో ఏనుగు భారమేనని అట్టముక్కలే చెప్పాయి. 2019లో నేను డబ్బు పెట్టాక తెలుసుకున్నవి ఈసారి శుభలేఖల మీద తేలిపోయాయి.

డిపాజిట్ 2025 జనవరి చివర చేతికొచ్చింది, వడ్డీతో కలిపి సుమారు 8,700. సరిగ్గా అప్పుడే యార్డులో ధర పడిపోయింది. కాయ తోటలో ఎర్రగా ఉంది, కోత ఆపలేం. కూలీలకు వారం వారం ఇవ్వాలి. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, అప్పుడే అమ్మితే నష్టం, కోల్డ్ స్టోరేజీలో పెడితే చేతిలో నగదు ఉండదు. నాన్న ఎవరినీ అడగలేదు. పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ 8,700 తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడివని అడిగితే, అప్పుడు మొత్తం చెప్పాను: నాటింగ్‌హామ్, ట్యాంకులు, నాలుగేళ్ల వడ్డీ, ఈ డిపాజిట్. ఆయన కోప్పడలేదు. పుస్తకం తిప్పి, వెనక పేజీలో తేదీ వేసి, “అబ్బాయి ఏనుగుల డబ్బులు – 8,700” అని రాసుకున్నాడు.

మేనల్లుడికి ఈ సంగతి చెప్పడం నాకు కష్టమైంది. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు అట్టముక్కలు తీసుకుని వచ్చి కూర్చున్నాడు.

జూన్‌లో కొన్ని టిక్కీలు అమ్మాక నాన్న ఆ డబ్బు తిరిగిచ్చాడు. నేను వద్దన్నాను. “రాసుకున్నది కొట్టేయాలి గదరా” అన్నాడు.

అప్పుడు కొన్నాం. 15 మిల్లీమీటర్ల కొలతలో బొమ్మల డిజైన్ ఫైళ్లు 900. త్రీడీ ప్రింటర్ ఉన్న మిత్రుడి దగ్గర రెండు పక్షాలకూ కలిపి 78 బొమ్మలు వేయించాను: కాల్బలం ఒక్కోటి 25, గుర్రం 50, ఏనుగు 200, మొత్తం 3,100. ఏనుగులు పక్షానికి రెండు ఉండాల్సిందేనని వాడు పట్టుబట్టాడు. నియమాల పుస్తకం రవాణాతో 2,200. రంగులు 1,400. కుంచెలు, జిగురు 600. అడుగుచెక్కలు 200, గుడ్డ 150. కలిపితే 8,550. చెక్కల మీద నేల దిద్దడానికి విదేశీ పుట్టీ కొనలేదు. కొండపల్లి బొమ్మల్లో ముక్కలు అతకడానికి వాడే మక్కు సంగతి గుర్తొచ్చి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేశాం. ఎండాక మా రేగడి నేలలాగే బీటలు తీసింది. ఆ బీటల్ని కప్పలేదు, నల్లరంగు పూసి అలాగే ఉంచాం.

రంగులేయడానికి మూడు నెలలు పట్టింది. నియమం ఒక్కటే పెట్టుకున్నాం: ఒక దళం పూర్తయ్యేదాకా రెండోదాన్ని ముట్టుకోకూడదు. నాటింగ్‌హామ్‌లో నలభై బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి నేను ఓడిపోయింది అక్కడే. మొదట పూర్తయింది కన్నమదాసు దళం. వాడే వేశాడు.

ఇప్పటికి 38 ఆటలు ఆడాం, అట్టముక్కలవి కాకుండా. ఆటకు 225 రూపాయలు పడింది. ప్రతి ఆదివారం ఆ అంకె తగ్గుతుంది. ఈ సంగతి తెలిసి గుంటూరులో ఒకరిద్దరు సహోద్యోగులు, మొదట ఏం కొనమంటారని అడిగారు. ఎవరితో ఆడతారని నేను తిరిగి అడుగుతాను. జవాబు లేకపోతే, అది దొరికేదాకా పైసా పెట్టవద్దంటాను. ఉంటే, నియమాల దగ్గర్నుంచి కుంచెల దాకా మొత్తం రాసి తెమ్మంటాను, పెట్టె ధర ఒక్కటే కాకుండా. ఇక బలమైనది కొనాలా, ఇష్టమైనది కొనాలా అంటే నా మాట ఇష్టమైనదే. బలం కోసం కొన్న బొమ్మకు నేను రంగు వేయలేకపోయాను. బాలచంద్రుడి తలపాగాకు మాత్రం మూడుసార్లు రంగు మార్చి వేశాను, విసుగు రాలేదు.

మొన్నటి ఆదివారం వాడు కొత్త కోరిక తెచ్చాడు. రుద్రమదేవి సైన్యం కావాలట, ఎదురుగా దేవగిరి యాదవులట. పాఠంలో చదివాడు. వద్దనలేదు, సరే అనలేదు. అక్కావాళ్ల బీరువా మీద నుంచి శుభలేఖల కట్ట దించి ఇచ్చాను. వాడు అరుగు మీద కూర్చుని స్కేలు పెట్టి గీస్తున్నాడు. అంచున పసుపు మరక ఉన్న కార్డు ఒకటి పక్కన పెట్టి, “ఇది రాణిగారి ఏనుగుకి” అన్నాడు.