ఎండను కొండెక్కించే చోటు

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, ఓర్వకల్లు దగ్గర వింత వింత రాతిగుట్టలు ఉన్నవి. అవి చూసి ఊరుకోక, గని, శకునాల గ్రామాల వైపు తిరగండి. దూరాన పెద్ద చెరువు తళతళ మెరుస్తున్నట్టు ఉంటుంది. దగ్గరికి పోతే చుక్క నీరు లేదు! అవన్నీ ఎండను కరెంటుగా మార్చే సౌరఫలకాలు. సుమారు 5,900 ఎకరాల మెట్టనేల మీద వరుసలు తీరి ఉన్నవి. 2017లో పూర్తయిన ఈ సౌర విద్యుత్తు పార్కు శక్తి 1,000 మెగావాట్లు.

బొగ్గు మండితే బొగ్గుపులుసు వాయువు పుడుతుందనీ, అది భూమి వేడిని పైకి పోనివ్వక దుప్పటిలా కప్పుతుందనీ మీరు చదివే ఉంటారు. ఎండ కరెంటుకు పొగ లేదు. "అయితే బొగ్గు మానేయరాదా?" అంటారు మీరు. చిక్కంతా అక్కడే ఉన్నది. మనం దీపాలు వేసేది పొద్దుగుంకిన తరువాత. అప్పటికి ఈ ఫలకాలన్నీ నిద్రపోతవి! అందుకే 2024లో కూడా మన దేశపు కరెంటులో నూటికి 70 పాళ్ళకు పైగా బొగ్గు నుంచే వచ్చింది.

దీనికి ఉపాయం కూడా ఆ ప్రాంతంలోనే, పాణ్యం మండలం పిన్నాపురం కొండల్లో చూడవచ్చు. పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం. పగలు మిగిలిన కరెంటుతో కింది నీటిని పైకి తోడతారు. చీకటి పడ్డాక ఆ నీటిని కిందికి వదులుతారు. పగలు నీటిని ఎక్కించిన యంత్రమే ఇప్పుడు వెనక్కి తిరిగి కరెంటు తీస్తుంది. మరునాడు మళ్ళీ ఆ నీళ్ళే! ఈ పథకాన్ని 1,680 మెగావాట్లకు తలపెట్టారు. తోడడానికి నాలుగు పాళ్ళ కరెంటు ఖర్చయితే, తిరిగి వచ్చేది మూడు పాళ్ళకు కాస్త పైన. నష్టం కాదా అనేవారు ఉన్నారు. మధ్యాహ్నం ఎవరికీ అక్కరలేక పోయేదానిలో ముప్పాతిక రాత్రికి దక్కితే లాభమే అని నా లెక్క.

2070 నాటికి మన దేశం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువూ, తిరిగి గాలి నుంచి తీసేదీ సమానం కావాలని 2021లో గ్లాస్గో సభలో మన ప్రధానమంత్రి ప్రకటించారు. అప్పటికి మీకు యాభై దాటుతవి. ఉక్కు, సిమెంటు కొలుముల పొగ ఆపడం ఇంతకన్నా కష్టం.

ఇది చదివేవారిలో సింగరేణి కార్మికుల పిల్లలూ ఉండవచ్చు. సింగరేణి సంస్థ కూడా తన బొగ్గు ఊళ్ళలో సౌరఫలకాలు పెట్టింది. కాని బొగ్గుగనికి కావలసినంత మంది మనుషులు ఎండ పొలానికి అక్కరలేదు. ఆ ఇళ్ళకు పని ఎక్కడ చూపాలన్నది ఇంకా తేలవలసే ఉన్నది.