అరణియార్ నీళ్ళల్లో ఆఫ్రికా తల్లి

తిరుపతి వెళ్ళొచ్చామంటే ఇరుగూ పొరుగూ "లడ్డూ ఏదీ?" అని అడుగుతారు గానీ, చేపల కబుర్లు ఎవరడుగుతారు చెప్పండి! కొండమీద మాంసాహారం మాటే లేదాయె. కానీ ఈసారి దర్శనం అయ్యాక ఒక్క పూట తీరిక ఉంటే, పుత్తూరు మీదుగా పిచ్చాటూరు వైపు బస్సెక్కండి. దారిలో నారాయణవనం వస్తుంది. పద్మావతీ శ్రీనివాసుల పెళ్ళి జరిగిందని చెప్పుకునే ఊరు. అక్కడ కల్యాణ వెంకటేశ్వరుడికి ఓ నమస్కారం పెట్టుకుని ముందుకు సాగితే పిచ్చాటూరు దగ్గర అరణియార్ ప్రాజెక్టు కనిపిస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు. కళ్ళు చల్లబడతాయి.

రోడ్డు పక్కన ఓ పెద్దావిడ బుట్ట పెట్టుకుని కూర్చుంది. బుట్టలో అరచేయంత చేపలు. ఒళ్ళు బూడిద నలుపు, వీపుమీద ముళ్ళ వరస.

"ఇవేం చేపలమ్మా?" అన్నాను.

"జిలేబీలు మా! పులుసు పెట్టుకుంటే శానా బాగుంటాది. ఎత్తుకోపో" అంది.

తమిళనాడు సరిహద్దు కదా, అక్కడి పేరే ఇక్కడా పలుకుతుంది. పుస్తకాల్లో దీని పేరు తిలాపియా. పుట్టిల్లు మన దేశం కాదండీ, ఆఫ్రికా ఖండంలోని మొజాంబిక్ ప్రాంతపు నదులు. సిక్లిడ్ అనే పెద్ద కుటుంబానికి చెందినది. నైజీరియా, కామెరూన్ వర్షారణ్యాల వాగుల్లో తిరిగే క్రిబెన్సిస్ అనే చిట్టి చేపదీ ఈ కుటుంబమే. ఆడదాని పొట్ట చెర్రీపండులా ఎర్రగా మెరుస్తుంది. రంగు చేపల దుకాణాల్లో గాజుతొట్టెలో మీరూ చూసే ఉంటారు. ఈ కుటుంబంవాళ్ళకి ఓ మంచి గుణం ఉంది. గుడ్లు పెట్టేసి తమ దారిన తాము పోవడం తెలీదు. పిల్లల్ని కాపాడుకుంటారు.

మన జిలేబీ అయితే మరీను. మగచేప అడుగున బురదలో పళ్ళెంలాంటి గుంట తవ్వుతుంది. అందులో గుడ్లు పెట్టిన ఆడచేప, వాటినన్నిటినీ తన నోట్లోకి తీసేసుకుంటుంది! కొద్ది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలవుతాయి. అయినా తల్లి నోరే వాటికి ఇల్లు. ఇలా పది పన్నెండు రోజులపాటు ఆ తల్లి దాదాపు ఏమీ తినదు. నోరు తెరిచి మింగితే పిల్లలే పోతారు కదా! ఈతకి వదిలాక కూడా ఏ నీడో కదిలిందంటే చాలు, పిల్లలన్నీ బిలబిలమంటూ మళ్ళీ అమ్మ నోట్లోకే పరుగు. పిల్లలు తిన్నాక మిగిలిందేదో తిని పడుకునే మనకి ఈ తల్లి పరాయిదిగా అనిపించదు.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. ఈ చేపని మన దేశానికి తెచ్చింది 1952లో. తక్కువ ఖర్చుతో పేదవాడి కంచంలోకి చేపముక్క రావాలని ఆశ. పిల్లల్ని ఇంత బాగా కాపాడుకునే చేప, పైగా రెండు మూడు నెలలకే గుడ్లకొచ్చే చేప. ఇక చెప్పాలా! చెరువు నిండిపోయింది. కానీ అన్నీ పొడుగెదగని చిన్న చేపలే. తిండికీ చోటుకీ పోటీ పెరిగి, మన సొంత చేపలకి ఇబ్బంది మొదలైంది. 1959లోనే మత్స్య పరిశోధనా సంఘం దీన్ని ఇంకెక్కడా వదలొద్దంది. కానీ అప్పటికే అది చెరువు నుంచి చెరువుకి పాకిపోయింది. మన కుప్పానికి పొరుగునే ఉన్న కృష్ణగిరి జలాశయంలోనూ, ఇంకా దిగువన వైగై జలాశయంలోనూ ఒకప్పుడు వలలో పడేదంతా ఇదేనన్నంతగా పెరిగింది. తల్లి మంచితనమే పొరుగువాళ్ళకి కష్టమైంది చూశారా! తప్పు ఆ తల్లిదా, ముందూ వెనకా చూడకుండా తెచ్చి వదిలినవాళ్ళదా?

అరణియార్ నీళ్ళు తమిళనాడులోంచి సాగి చివరికి పులికాట్ సరస్సు దగ్గర సముద్రాన్ని చేరతాయి. ఆ సరస్సు ఉత్తర భాగం, సూళ్ళూరుపేట వైపుది, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఈ జిల్లాలోకే వచ్చింది. అక్కడ ఉప్పూ మంచీ కలిసిన నీళ్ళల్లో ఈ జిలేబీకి వరసయ్యే మన సొంత చేప ఒకటుంది. కేరళవాళ్ళు కరిమీన్ అని ముద్దుగా పిలుచుకుని, 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది అదే. సిక్లిడ్ కుటుంబంలో మన దేశానివి మూడంటే మూడే రకాలు. వీటి దగ్గరి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. గుడ్లని రాయికో కర్రకో అంటించి, అమ్మా నాన్నా ఇద్దరూ కాపలా కాస్తారు. పులికాట్ వెళితే ఫ్లెమింగోల్నే కాదు, ఈ ఇంటిచుట్టాన్ని కూడా అడిగి చూడండి.

మరి బుట్టలోని జిలేబీని కొనాలా, వద్దా? నిక్షేపంగా కొనండి. వచ్చి కూర్చున్న చుట్టాన్ని పొమ్మనలేం, వండుకు తింటే చెరువుకీ మేలే. ఇంటికి తెచ్చాక వీపుముళ్ళు జాగ్రత్తగా కోసేయండి. కడుపు లోపల నల్లటి పొర ఉంటుంది, దాన్ని గీకి పారేస్తే నీచువాసన సగం పోతుంది. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి కడగండి. మట్టిచట్టిలో చింతపండు పులుసు బాగా మరిగాకే ముక్కలు వేయండి. గరిటె పెట్టకుండా చట్టిని పట్టుకుని తిప్పండి. రాగి సంగటి తోడైతే మరి చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. పిల్లలు గాజుతొట్టె చేపలమీద మోజు తీరాక "పాపం" అని చెరువులోనో బావిలోనో వదిలేద్దామంటారు. వద్దనండి. అడిగినవాళ్ళకో, దుకాణానికో ఇచ్చేయండి. ఇప్పుడు మేలురకం తిలాపియాని పెంచేవాళ్ళు కూడా ప్రభుత్వ అనుమతితో, ఎక్కువగా మగపిల్లల్నే వేసి, బయటికి పోకుండా పెంచాలన్నది అందుకే.

తిరుగు బస్సులో ఆ బుట్టావిడ మాటే గుర్తొచ్చింది. బేరం అయ్యాక అడిగాను, "మీ చిన్నప్పుడూ ఇవే ఉండేవా అమ్మా?" అని.

"ఏడుండాయి మా! అప్పుడు అన్నీ పరిగెలే. ఇప్పుడు వలేస్తే ఇవే" అంది, ముక్కలు కోస్తూ.