మెట్లు లేని మేడలో కాఫీ

తిరువనంతపురం రైల్వేస్టేషను ఎదుట, తంపానూరు బస్టాండు ప్రక్కన, ఎర్రని బురుజు వంటి గుండ్రని కట్టడం ఒకటి ఉన్నది. క్రొత్తగా వచ్చినవారు నీళ్ళ ట్యాంకేమో అనుకొంటారు. అది ఇండియన్ కాఫీ హౌస్. మేము, మా సంఘపెద్దలు ముగ్గురు గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మరునాటి సాయంకాలం అక్కడ దిగి, ఆకలి మీద నేరుగా అందులోకే వెళ్ళాము.

లోపల అంతస్తులు లేవు, మెట్లూ లేవు. నత్తగుల్లలోని మెలికవలె చుట్టూ తిరుగుతూ పైకి పోయే ఒకే ఒక వాలు దారి. దారికి బయటి ప్రక్కన, గోడ వెంబడి, బల్లలూ కూర్చునే అరుగులూ కట్టడంతో పాటే కట్టివేశారు. దారి వాలుగా ఉన్నా మనము కూర్చునే చోటు మాత్రం సమంగా ఉంటుంది. గ్లాసులో కాఫీ ఒరగదు. గోడ నిండా వరుసగా చిన్న చిన్న కంతలు. వాటిగుండా గాలి వస్తుంది, వెలుగు వస్తుంది, ఎండ మాత్రం ముక్కలై చల్లబడి వస్తుంది. కూర్చున్నవాని భుజం దగ్గరే కిటికీ ఉన్నట్లు! క్రింద బస్సులు, కూలీలు, గొడుగులు కనబడుతూనే ఉంటాయి గాని ఆ రొద మన పళ్ళెంలోకి రాదు.

గుండ్రని కట్టడం గనుక ఎక్కడ కూర్చున్నా ముందు రెండు మూడు బల్లలు, వెనుక రెండు మూడు బల్లలు, అంతే కనబడతాయి. హాలంతా మనలను చూస్తున్నదనే బెరుకు ఉండదు. పల్లెటూరివారము, పెద్ద హోటలులో అడుగు పెట్టగానే చెప్పులు ఎక్కడ విడవాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముడుచుకొనిపోతాము గదా, అక్కడ మాకది కలుగలేదు. మాతో వచ్చిన పెద్దలలో ఒకాయన మాకంటె ముందే చేతితో దోసె కలుపుకొని తినసాగారు. (ఆ దోసె కూరలో బీట్‌రూట్ కలుపుతారు, మొదట ఎర్రగా చూచి జంకినా, రుచి బాగుంది.)

లోపములు లేవని కాదు. బల్ల జరుగదు, అరుగు జరుగదు, స్థూలకాయులకు ఇబ్బందే. మోకాళ్ళ నొప్పులవారు పైకి పోకుండ క్రిందనే కూర్చోవడం మంచిది.

దీనిని కట్టిన లారీ బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. క్వేకరు విశ్వాసి. యుద్ధకాలంలో చైనాలో కుష్ఠురోగులకు సేవ చేసి, 1945లో కుష్ఠురోగుల మిషను పనిమీద మన దేశానికి వచ్చారు. డాక్టరు ఎలిజబెత్ గారిని వివాహం చేసికొని, ఏళ్ళ తరబడి హిమాలయ ప్రాంతపు పితోరాగఢ్‌లో పనిచేసి, పిదప కేరళలో స్థిరపడి, 2007లో అక్కడే మరణించారు. స్థానికంగా దొరికే ఇటుకతో, తక్కువ ఖర్చుతో కట్టడమే ఆయన పద్ధతి. ఇక్కడ స్థలం ఇరుకు గనుక పైకి చుట్టుకుంటూ పోయారు. కాఫీ హౌస్ కూడ కార్మికులదే: 1950ల చివర కాఫీ బోర్డు తన హోటళ్ళను మూసివేయగా, ఎ.కె.గోపాలన్ గారి ప్రోత్సాహంతో పనివారే సహకార సంఘాలుగా ఏర్పడి నడుపుకొన్నారు. విసనకర్రవలె విచ్చుకున్న తలపాగాతో మనకు వడ్డించేది, సంఘంలో వాటా ఉన్న మనిషే.

ఆ వాలు దారిలో అగ్రపీఠమనేది లేదు. ఏసీ గది, దానికి వేరే ధర, లేవు. అందరికీ ఒకే అరుగు, ఒకే బల్ల. మన ప్రాంతంలో టీ కొట్టుముందు రెండు రకాల గ్లాసులు, బల్లమీద కొందరు, నేలమీద కొందరు అన్న పద్ధతి ఎరిగినవారు మన సంఘాలలోనే ఎంతోమంది ఉన్నారు. మాతో వచ్చినవారిలో ఒకాయన చిన్నతనంలో చూరులో దోపిన గ్లాసు తానే తీసికొని, తానే కడిగి పెట్టిన మనిషి. ఆయన ఆ బల్లమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు మాటలాడకుండా కూర్చున్నారు. మేమూ కదిలించలేదు.

మా సంఘంలో ఈ యేడు భోజనశాల కట్టదలచాము. గీయించిన పటంలో పెద్ద హాలుకు ప్రక్కన, అతిథుల కొరకని, టైల్సు పరచిన చిన్న గది ఒకటి ఉన్నది. తిరుగు రైలులో ఆయనే అడిగారు: “అయ్యగారూ, ఆ గది ఎందుకండి?” ఇంకొకరు, “బయటనుండి పెద్దలు వస్తే ఎక్కడ కూర్చోబెడతామండి?” అన్నారు. ఆ మాట నెల్లూరులో మొదలై ఒంగోలు దాటినా తెగలేదు. ఇంటికి వచ్చి మేస్త్రిని అడిగితే, అడ్డుగోడ తీసివేస్తే ఇటుక, సున్నం, తలుపు ఖర్చు మిగులుతుందన్నాడు. కంతల గోడకు మాత్రం పనితనం కావాలి, రెండు రోజులు ఎక్కువ పడుతుందన్నాడు. ప్రస్తుతానికి పటంలో ఆ గోడ గీతను పెన్సిలుతో కొట్టివేసి ఉంచాము. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కమిటీ కూర్చుంటుంది.