ఇంటావిడకి అని చెప్పి కొన్న కళ్ళజోడు

2020 నవంబరు. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్‌ను మరమ్మతులు చేసి ఆగస్టులోనే మళ్ళీ తెరిచారు. 1935 నాటి ఆ రాళ్ళు తలంటు పోసుకున్నట్టు ఉన్నాయి. గడియారం కింద నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని సీతాఫల్ ఐస్‌క్రీమ్ తింటున్నాను. ఆకలై కాదు, ధైర్యం చాలక. అబిడ్స్ వైపు కాస్త నడిస్తే కళ్ళజోళ్ళ షాపులు. జేబులో డాక్టరు చీటీ ఉంది, రెండు కళ్ళకీ మైనస్ నాలుగున్నర. నోట్లో అబద్ధం కూడా సిద్ధంగా ఉంది: "మా ఇంటావిడకి."

ఇరవయ్యేళ్ళ వయసు నుంచీ తలుపు గడియ పెట్టుకుని చీర కట్టుకుంటున్న మగవాణ్ణి నేను. ఇంగ్లీషులో క్రాస్‌డ్రెసర్ అంటారు. చీర కుచ్చిళ్ళు, సవరం, గాజుల సైజు, అన్నీ పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. కళ్ళజోడు మాత్రం లొంగలేదు. అంతా ముస్తాబై ఆఫీసు కళ్ళజోడు, ఆ నల్లటి నలుపలకల ఫ్రేమ్, పెట్టుకోగానే మొహం మీదికి అకౌంట్స్ సెక్షన్ వచ్చి కూర్చునేది. తీసేస్తే అద్దంలో మనిషే ఆనదు. ఈ విషయంలో పెద్దల నుంచి నేర్చుకుందామన్నా దారి లేదు. ఆడవేషానికి మనవాళ్ళు పెద్దపీట వేశారు, నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, భామాకలాపంలో సత్యభామ జడ మీదే బోలెడు కథ నడుస్తుంది. కానీ సత్యభామకి సైట్ లేదు కదా!

షాపులో కుర్రాడు అడిగాడు: "మేడమ్ మొఖం ఎట్లుంటది సార్? రౌండా, పొడుగా?"

"గుండ్రంగా" అన్నాను. అది మా ఆవిడ మొహం. నాది కోలమొహం, వెడల్పు దవడ. అబద్ధం ఒకసారి మొదలెడితే వివరాలన్నీ దాని వెంటే నడుస్తాయి. "ఒకసారి మేడమ్‌ని తోలుకరండి, పీడీ కొలవాలె" అన్నాడు. పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. ఊరెళ్ళిందని చెప్పాను. ఆడవాళ్ళకి మామూలుగా ఉండేదేదో వేసి చేస్తామన్నాడు. మాస్కు వెనక నా మొహం అతనికి కనబడలేదు, నాకు హాయిగా అనిపించింది.

2,300 రూపాయలకి గులాబీ రంగు సన్నటి ఫ్రేమ్ వచ్చింది. కాడ లోపలి వైపు 48 అని అంకె. ఒక్కో అద్దం వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. ఇంటికొచ్చి పెట్టుకుంటే కాడలు రెండూ పక్కలకి విచ్చుకుని కణతల్లో దిగబడ్డాయి. చిన్నగా ఉంటే నాజూకుగా ఉంటుందనుకున్నాను. పెద్ద పళ్ళెంలో రెండు ఇడ్లీలు పెట్టినట్టు మొహం ఇంకా పెద్దదయింది. పావుగంటకే తలనొప్పి. నా పీడీ 66 అని తర్వాత తెలిసింది. మైనస్ పవర్ అద్దం నడుమ భాగం కంటిపాప ఎదుట లేకపోతే కన్ను లాగుతుంది, తల పట్టేస్తుంది.

రెండోసారి, మరుసటేడు, ఇంకో షాపుకి వెళ్ళాను. ఈసారి క్యాట్ ఐ. చివర్లు రెక్కల్లా పైకి లేచే ఆ ఫ్రేమ్‌ని 1930లలో న్యూయార్క్‌లో అల్టినా షినాసి అనే ఆవిడ తయారుచేసింది, వెనిస్ ముసుగులు చూసి. నేను కొన్నది నిజంగానే ముసుగులా ఉంది. మెరూన్ రంగు, ఇంత లావు. "ఆవిడకెలా ఉంటుందో చూద్దాం" అని నవ్వుతూ పెట్టుకుని చూశాను కూడా. చూశానని అనడమే గానీ, సైట్ ఉన్నవాడు ఖాళీ ఫ్రేమ్ పెట్టుకుంటే అద్దంలో కనబడేది మంచు! కుర్రాడు "సూపర్ సార్" అన్నాడు, నమ్మాను. మైనస్ అద్దం నడుమ పలచన, అంచుకు పోయేకొద్దీ మందం. ఫ్రేమ్ ఎంత పెద్దదైతే అంచు అంత లావు. సోడాసీసా అడుగుల వెనక నా కళ్ళు మినపగింజలైపోయాయి, అరగంట దిద్దిన కాటుకతో సహా. 4,800 రూపాయలు.

దాన్ని స్కూటర్ డిక్కీలో దాచాను. మా ఆవిడకి దొరికింది.

"నాకు సైటే లేదు. ఇదెవరిది?"

ఆ ఆడమనిషిని నేనేనని చెప్పడానికి తెల్లారేదాకా పట్టింది. తర్వాత మా ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను. చాలా వారాల తర్వాత ఒక సాయంత్రం తనే ఆ జోడు నా మొహానికి పెట్టి, దూరం జరిగి చూసి, "కనుబొమ్మలు రెండు జతలున్నట్టున్నాయి" అంది. నిజమే. ఫ్రేమ్ పైగీత కనుబొమ్మ వంపుతో కలిసి పోవాలి. కింద వేరేగా లావుపాటి గీత గీస్తే మగ నుదురు ఇంకాస్త ముందుకొస్తుంది.

ఇన్నాళ్ళూ షాపువాడితో నిజం ఎందుకు చెప్పలేదంటే, భయం. ఈ ఊళ్ళో ఆ భయానికి చట్టమే ఉండేది. నిజాం కాలంలో, 1919లో తెచ్చిన చట్టం ప్రకారం హిజ్రాలు ఆడబట్టల్లో, నగల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నాబోటివాళ్ళ కోసం రాసింది కాకపోయినా, వీధిలో దొరికినవాణ్ణి నువ్వు ఏ కోవ అని ఎవరడుగుతారు? తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది.

ఆ ఏడు సీతాఫలాల కాలంలోనే మళ్ళీ వెళ్ళాను. ఐస్‌క్రీమ్‌కి ఆగకుండా, నేరుగా. కౌంటర్ వెనక ఒక పెద్దాయన.

"నాకే. ఆడవాళ్ళ ఫ్రేమ్‌లు చూపించండి."

ఆయన నా వంక రెండు క్షణాలు చూశాడు. "చెహరా ఆప్‌కా హై నా? బైఠియే" (మొహం మీదే కదా? కూర్చోండి) అని స్కేలు తీశాడు. పీడీ కొలిచాడు. 54 సైజులో తేనెరంగు ఫ్రేమ్ తీశాడు. పైన కొంచెం మందం, కింద పలచన, చివర్లు వెంట్రుకవాసి పైకి. ముక్కు మీది వంతెన కాస్త కిందికి ఉంది, అలా ఉంటే పొడుగు ముక్కు పొట్టిగా కనబడుతుందట. నా ఫోన్ తీసుకుని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసి, "ఇప్పుడు మీ పాత జోడు పెట్టుకుని చూడండి" అన్నాడు. ఇంత చిన్న ఉపాయం మూడేళ్ళలో నాకు తట్టలేదు. అద్దాలు 1.67 రకం వేయించాను, అంచు పలచగా వచ్చింది.

ఇప్పుడు ఆఫీసుకీ అదే పెట్టుకెళ్తున్నాను. పక్క సీటాయన "కొత్తదా? ఎంతయింది?" అని అడిగాడు. 6,500 అన్నాను. ఎక్కడ అంటే అబిడ్స్‌లో అన్నాను. ఎవరు సెలక్ట్ చేశారంటే, నేనే అన్నాను.