ఉబ్బెత్తు అక్షరములు

నాణెములమీద నక్షరములు ఉబ్బెత్తుగా నుండుట మన మెరిగినదే. కంప్యూటరు తెరమీద నట్టి యక్షరములను కల్పించు విద్యను నేను మా యమ్మాయి పెండ్లి శుభలేఖకొరకు నేర్చుకొంటిని.

ఇందలి మర్మము మిక్కిలి చిన్నది. తెరమీద నేదియు పైకి లేవదు. లేచినట్లు తోపించునవి వెలుగునీడలే. అక్షరమునకు పైయంచున తెలుపును, క్రిందియంచున నీడయు నున్నచో కన్ను దానిని ఉబ్బెత్తనుకొనును. ఆ రెంటిని తారుమారు చేసినచో ఆ యక్షరమే గుంటపడినట్లగపడును. వెలుగు పైనుండియే వచ్చునని మన కంటికి అలవాటు గదా!

ఫోటోషాప్ అను సాధనమునందు 'బెవెల్ అండ్ ఎంబాస్' అను ఏర్పాటు 1998లో వెలువడిన అయిదవ కూర్పునుండి కలదు. అక్షరములున్న పొర నెంచుకొని దానిని తెరువవలెను. 'సైజ్' అంచు వెడల్పును, 'డెప్త్' నీడ గాఢతను, 'యాంగిల్' వెలుగు వచ్చు దిక్కును మార్చును. వెల పెట్టనొల్లనివారికి గింప్ అను ఉచితసాధనము కలదు. అందు 'బంప్ మ్యాప్' చేత నీ పని సాధింపవచ్చును. తెలుగున కొక జాగ్రత్త వలయును. అంచు మితిమీరి పెంచినచో ధకారము క్రింది చిన్నగీత నీడలో మాసి, ధర్మము దర్మమగును.

ఈ విద్యకు నన్ను పురికొల్పినది మా వదినగారు. నేనుద్యోగమునకు బోవుచుండ మా యమ్మాయిని పెంచినది ఆవిడయే. నీటికాసులచేత చూపు పోయినది. భర్త పోయిన స్త్రీ పేరు శుభలేఖలో వేయరాదని బంధువులు కొందరు అడ్డుపడిరి. "బిడ్డను పెంచిన చేతులకు లేని యశుభము పేరున కెక్కడనుండి వచ్చును?" అని మావారి నడిగితిని. వారు మారుమాటాడక అక్కగారి పేరే మొదట వేయుమనిరి.

తెరమీద నా పేరు చక్కగా లేచినది. కాని వ్రేలికి అది గాజుపలకయే. మామూలుగా నచ్చువేసినను వట్టి కాగితమే. కావున అచ్చుకూటమువారి నడిగితిని. వారు ఉబ్బెత్తుది యొకటి, గుంటది యొకటి, రెండు లోహపు అచ్చులు చేయించి, నడుమ దళసరి కాగితముంచి నొక్కుదురట. అందులకు వెలుగునీడలు పనికిరావు. నీడలన్నియు దీసి, అక్షరములను పెద్దవిగా, వట్టి నల్లరంగున నీయవలెననిరి. అట్లే యిచ్చితిని.

శుభలేఖలు వచ్చిన దినమున ఒకటి వదినగారి చేతికిచ్చితిని. చిన్ననాడు చదువు నేర్చినదగుటచే ఆవిడ వ్రేలితో తలకట్లు తడవుచు, అక్షరమక్షరము కూడబలుకుకొని, "నాపేరు నిజముగా వేసితివా, అమ్మా!" అనినది.

అంతకుముందు పిలుపులకు రానని యొదిగియుండిన యావిడయే మరునాడు పట్టుచీర గట్టి, మాకంటె ముందుగా బండిలో కూర్చుండినది.