ప్యాపిలి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు

మన ప్యాపిలి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కూ బెంగళూరుకూ ఇంచుమించు నడిమధ్యన ఉంది. అందుకే అమెరికాలో పిల్లలున్న ఇళ్ళల్లో ఒకటే చర్చ: విమానం ఎక్కాల్సింది హైదరాబాద్ దగ్గరి శంషాబాదులోనా, బెంగళూరు దగ్గరి దేవనహళ్ళిలోనా?

2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నడిపిన తొలి నాన్‌స్టాప్ విమానం నాకు బాగా ఇష్టమైన సంగతి. దాదాపు 14 వేల కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. నడిపింది నలుగురు మహిళా పైలట్లు. దారి ఉత్తర ధ్రువం మీదుగా! గోడ మీది పటం చూస్తే పసిఫిక్ దాటి రావాలి కదా అనిపిస్తుంది. అదే గ్లోబు మీద ఆ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టండి, అది బాగా ఉత్తరానికి, ధ్రువం వైపుకు వంగి పోతుంది. బడిలో పిల్లలకు ఇది తప్పకుండా చూపించాలి. అంత చలిలో రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టకుండా దాని ఉష్ణోగ్రతను పైలట్లు దారి పొడవునా గమనిస్తూనే ఉండాలి. ఎంత ఓర్పు, ఎంత నేర్పు!

మా అవ్వకు కిలోమీటర్లు పట్టవు. ‘ఈడ తెల్లారితే ఆడ పొద్దు గూకుతాదంట, బిడ్డ ఏం తిన్నాడో’ అంటుంది.

మీలో ఎవరైనా ధ్రువం మీదుగా వచ్చుంటే, కిటికీలోంచి ఏం కనిపించిందో రాయండి. అవ్వకు చదివి వినిపిస్తాను.